కెమెరాతో ఒక అడుగు వెనక్కి: సిక్కోలు, విజయనగరం దృశ్యాల్లో చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో మాటలు కొంచెం తక్కువ, ఫోటోలు ఎక్కువ. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కొన్నేళ్ళుగా తిరుగుతూ నేను తీసిన ఫోటోల్లోంచి ఒక ఏడెనిమిది ఏరుకుని తెచ్చాను. ఒక్కొక్కటే స్క్రీన్ మీద పెట్టి, దాని వెనకాల ఉన్న కథ చెప్పుకుంటూ పోతాను. వీడియో చూడకుండా ఈ రాతప్రతి మాత్రమే చదివేవాళ్ళు కూడా ఉంటారు కదా, వాళ్ళకోసం ఫోటోలో ఏముందో కూడా చెబుతూ ఉంటాను.

ముందే ఒక మాట. గుడికి వెళ్ళినా, బౌద్ధ స్తూపం దగ్గరికి వెళ్ళినా మనం చేసే మొదటి పని ఏంటి? దగ్గరికి వెళ్ళిపోతాం. శిల్పం ముఖం, ద్వారబంధం మీద లతలు, ఒక శాసనం ముక్క. అవి తీసుకుని వచ్చేస్తాం. మన ప్రాంతంలో మాత్రం ఒక అడుగు, ఇంకా చెప్పాలంటే ఒక కిలోమీటరు వెనక్కి వెళ్ళి చూస్తేనే అసలు కథ తెలుస్తుందని నా అభిప్రాయం. ఆ రాయి అక్కడే ఎందుకుందో చెప్పేది దాని పక్కనున్న ఏరు, వెనకున్న కొండ, ముందున్న సముద్రం.

మొదటి ఫోటో చూడండి. శ్రీముఖలింగం. జనవరి నెల సాయంత్రం, వంశధారలో నీళ్ళు తగ్గి ఇసుక తిప్పలు తేలిన టైములో తీసింది. ముందు ఇసుక, తర్వాత సన్నటి నీటిపాయ, ఆ ఒడ్డున చెట్లు, చెట్ల మీదుగా గుడి శిఖరం కొద్దిగా. ఇంత దూరం నుంచి తీస్తే గుడి ఏం కనిపిస్తుందని మా ఫ్రెండ్స్ నవ్వారు కూడా. మధుకేశ్వర ఆలయం మీదున్న శిల్పాలు అంత గొప్పవి మరి. సోమేశ్వరాలయం చూడండి, ముందు మండపం కూడా లేకుండా ఒక్క శిఖరంతో నిటారుగా నిలబడి ఉంటుంది. గోదావరి జిల్లాల గుళ్ళు చూసిన కంటికి ఈ వంపు తిరిగిన శిఖరం కొత్తగా అనిపిస్తుంది. ఇది కళింగ పద్ధతి. దీని చుట్టాలు భువనేశ్వర్‌లో ఉన్నాయి.

ఇప్పుడంటే ముఖలింగం జలుమూరు మండలంలో ఒక పల్లెటూరు. ఒకప్పుడు తూర్పు గాంగుల రాజధాని, కళింగనగరం. ఆ వంశంవాడే అనంతవర్మ చోడగంగదేవుడు. పూరీ జగన్నాథాలయం కట్టించినవాడిగా మనం చెప్పుకునేది ఆయన్నే. ఆయన కాలంలోనే రాజధాని ఇక్కణ్ణించి కటకం వైపు వెళ్ళిపోయింది. ఆ తర్వాత అదే వంశంలో పుట్టిన నరసింహదేవుడు 13వ శతాబ్దంలో కోణార్క కట్టించాడు. కోణార్క ఫోటో ప్రపంచమంతా చూస్తుంది. ఆ వంశం వందల ఏళ్ళు ఏలిన ఊరి ఫోటో మన పక్క జిల్లావాళ్ళకే తెలీదు.

ఈ ఊరే కళింగనగరం అని ఎలా తెలిసిందో చెప్పాలి. పేరు దగ్గరగా ఉంది కదా అని ఒకప్పుడు పండితులు కొందరు కళింగపట్నమే కళింగనగరం అనుకునేవారు. ఈ గుళ్ళలో ఉన్న శాసనాలు చదివి, కాదు, ముఖలింగమే అని వాదించినవాడు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. మనకి ఆయన వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా తెలుసు. ఆయన 1863లో పుట్టిన పర్వతాలపేట ఈ వంశధార ఒడ్డునే, ముఖలింగానికి దగ్గర్లోనే ఉంది. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేస్తూ, సవర భాష నేర్చుకుంటూ, సెలవుల్లో రాళ్ళు చదువుకున్నారు. సొంతూరి ఏటి ఒడ్డున ఉన్న రాతిని తీరిగ్గా చదివినవాడికి దొరికిన చరిత్ర అది.

ఇప్పుడు మళ్ళీ ఆ ఫోటోకే వద్దాం. ఫ్రేములో వెనకాల నీలంగా కనిపిస్తున్న గీత తూర్పు కనుమలు. ఆ కొండల్లోనే, ఇప్పటి ఒడిశా వైపు, దాదాపు 1500 మీటర్ల ఎత్తున మహేంద్రగిరి ఉంది. గాంగ రాజుల రాగిరేకుల్లో మొదట వచ్చే స్తుతి మహేంద్రగిరి మీదున్న గోకర్ణస్వామిదే. కులదైవం కొండ మీద, రాజధాని ఏటి ఒడ్డున, ఏరు వెళ్ళి కలిసే చోట ఓడరేవు. కొండ, ఏరు, సముద్రం మూడూ ఒకే దారిలో ఉన్నాయి. గుడిని మాత్రమే తీసిన ఫోటో ఈ సంగతి చెప్పలేదు. ఇసుక తిప్ప మీద నుంచి తీసింది చెబుతుంది.

సరే, ఏటి వెంబడే కిందికి పోదాం. రెండో ఫోటో శాలిహుండం. గార మండలం, వంశధారకి కుడి ఒడ్డు. ఇది కొండ మీద నుంచి తీసింది. ఎడమవైపు కింద వంశధార, చుట్టూ వరి మళ్ళు, కుడివైపు చివర్న వెలిసిపోయిన గీతలా సముద్రం. కాళ్ళ దగ్గర ఇటుకల స్తూపం అంచు. ఈ చోటుని 1919లో వెలుగులోకి తెచ్చింది కూడా గిడుగు వారే. తర్వాత పురావస్తు శాఖ తవ్వకాల్లో స్తూపాలు, చైత్యాలు, ధాతుపేటికలు, బ్రాహ్మీ అక్షరాలు, తార, మారీచి లాంటి దేవతల విగ్రహాలు బయటపడ్డాయి. అంటే హీనయానం నుంచి వజ్రయానం దాకా కొన్ని శతాబ్దాల పాటు ఇక్కడ భిక్షువులు ఉన్నారన్నమాట.

భిక్షువులు ఈ కొండ ఎందుకు ఎంచుకున్నారు? కొండెక్కి నిలబడండి, ఎవరూ చెప్పక్కర్లేదు. కింద కనిపిస్తున్న ఏరు కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. రేవుకొచ్చే వర్తకులు, వాళ్ళ దానాలు, దూరదేశాలకి వెళ్ళే భిక్షువులు అందరికీ అందుబాటులో ఉంటుంది. అలాగని రేవులో ఉండే గోల ఇక్కడికి రాదు. బావికొండ, తొట్లకొండ చూసినవాళ్ళకి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. ఊరి పేరు శాలివాటిక నుంచి వచ్చిందని చెబుతారు. శాలి అంటే వరి. ఫోటోలో సగం ఉన్నది ఆ వరే.

నేను ఈ ఫోటో తీస్తున్నప్పుడు పక్కనే ఒక పెద్దాయన ఆవులు మేపుతూ కూర్చున్నాడు. కాసేపు నన్ను చూసి, "ఏటి బావూ, ఇటికలు తీస్తన్నావా?" అన్నాడు. అవును తాతా అన్నాను. "ఇటికలెక్కడికీ పోవు. గవర్మెంటోళ్ళు కాపలా ఉన్నారు. ఆ తాడిచెట్లు తియ్యి ముందు. అయ్యి పోతన్నాయి" అన్నాడు. వంద సెమినార్లలో వినని మాట నాకు ఆ కొండ మీద దొరికింది.

ఎందుకంటే ఆయన చెప్పింది చట్టం లెక్కన కూడా నిజమే. ముఖలింగం, శాలిహుండం లాంటివి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన ఇంకో 200 మీటర్లలో కట్టాలంటే అనుమతి కావాలి. మొత్తం 300 మీటర్లు. శాలిహుండం కొండ మీద నుంచి కనిపించే సముద్రం ఆ 300 మీటర్లలో ఎక్కడుందండీ? ఏరు, తోపులు, చెరువుగట్లు, గెడ్డలు ఏవీ ఆ లెక్కలోకి రావు. రాయికి కాపలా ఉంది, దానికి అర్థం చెప్పే దృశ్యానికి లేదు.

మూడో ఫోటో కళింగపట్నం. ఏరు సముద్రంలో కలిసే చోటు, దూరంగా లైట్‌హౌస్. బ్రిటిష్ కాలం దాకా ఇది ఓడలొచ్చే రేవు. 1890ల్లో మద్రాసు, కలకత్తాల మధ్య తూర్పు తీరం రైలు మార్గం ఆమదాలవలస మీదుగా వచ్చింది. సరుకు రైలెక్కడం మొదలయ్యాక ఇలాంటి చిన్న రేవులు నిలదొక్కుకోలేకపోయాయి. ఇప్పుడు తెప్పలు, వలలు, ఆదివారం సాయంత్రం ఫ్యామిలీలు. ముఖలింగం, శాలిహుండం, కళింగపట్నం ఫోటోలు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే ఏటి కథ.

నాలుగోది ఫోటో లేని ఫోటో. అరసవిల్లి. మార్చిలోనూ, అక్టోబర్‌లోనూ కొద్దిరోజులు పొద్దున్నే సూర్యకిరణాలు నేరుగా వచ్చి సూర్యనారాయణ స్వామి పాదాల మీద పడతాయి. మబ్బు పట్టిందంటే లేదు. గర్భగుడిలో కెమెరాకి చోటు లేదు, ఉండకూడదు కూడా. జనంలో నిలబడి నేను కళ్ళతోనే చూశాను. అప్పుడనిపించింది ఏమిటంటే, ఇక్కడ కట్టడమంటే గోడలు ఒక్కటే అనుకుంటే సరిపోదు. తూర్పు దిక్కున సూర్యుడికీ, స్వామి పాదాలకీ మధ్య ఉన్న ఖాళీ కూడా కట్టడంలో భాగమే. కళింగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని ప్రతీతి, ఇప్పుడున్న గుడిలో చాలావరకు 18వ శతాబ్దపు పునర్నిర్మాణం. రాళ్ళు మారినా కిరణం దారి మారకుండా కాపాడుకున్నారు మనవాళ్ళు.

దగ్గరికి వెళ్ళక తప్పని చోట్లు లేవా అంటే ఉన్నాయి. ఐదో ఫోటో శ్రీకూర్మం మండపంలో స్తంభం. 1281 నాటి నరహరితీర్థుల శాసనంతో పాటు ఎన్నో శాసనాలున్న గుడి అది. మధ్యాహ్నం వెలుగులో ఆ అక్షరాలు గరుకు రాయిలా కనిపిస్తాయంతే. పొద్దుట వెలుగు పక్కనుంచి పడినప్పుడు ఒక్కొక్క గీతకీ నీడ వచ్చి అక్షరం లేచి కూర్చుంటుంది. ప్రాకారం గోడల మీద వర్ణచిత్రాలు కూడా ఉన్నాయి, వెలిసిపోతున్నాయి. అక్కడ మాత్రం దగ్గరికే వెళ్ళండి, అడిగి, ఫ్లాష్ లేకుండా.

విజయనగరం జిల్లాకి వద్దాం. ఆరో ఫోటో రామతీర్థం. వాన వెలిసిన గంటకి తీసింది. ఏనుగుల మంద పడుకున్నట్టు బోడి రాతికొండలు, వాటి పల్లాల్లో నిలిచిన నీళ్ళలో ఆకాశం. కింద రాములవారి గుడి, ఒక కొండ మీద బౌద్ధ విహారం శిథిలాలు, ఇంకో కొండ రాతిగుహల్లో జైన విగ్రహాలు. అక్కడే ఒక శాసనం ఉంది, 11వ శతాబ్ది మొదట్లో వేంగిని ఏలిన విమలాదిత్యుడి కాలంది. ఆ రాజుకి గురువైన త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనాచార్యుడు రామకొండని సేవించాడని చెబుతుంది. విమలాదిత్యుడు ఎవరనుకున్నారు? నన్నయగారి చేత భారతం రాయించిన రాజరాజనరేంద్రుడి తండ్రి! మూడు మతాలవాళ్ళూ ఈ కొండలకే రావడం చూస్తే, ఒంటరితనం, గుహ నీడ, వేసవిలో కూడా రాతి గుంటల్లో నిలిచే నీళ్ళు వాళ్ళని పిలిచాయని నాకనిపిస్తుంది.

ఏడోది బొబ్బిలి. స్మారక స్తంభం, చుట్టూ చదునైన నేల. ఇందులో చూడ్డానికేముందని అడుగుతారు. ఆ చదునే చూడాలండీ. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగుల ముందు నిలిచింది ఒక మట్టికోట. ఎక్కి దాక్కోడానికి దానికి కొండ లేదు, అడ్డం పడడానికి పెద్ద ఏరు లేదు. తాండ్ర పాపారాయుడు ఉన్న రాజాం పాతిక, ముప్ఫై కిలోమీటర్ల దూరం. ఆయన వచ్చేసరికి అంతా అయిపోయింది. బొబ్బిలి కథ బుర్రకథల్లో విన్నవాళ్ళు ఒక్కసారి ఆ నేల మీద నిలబడి రాజాం దిక్కుకి చూడండి. ఆ దూరం గుండెకి తెలుస్తుంది.

చివరి ఫోటో ఉద్దానం. సోంపేట వైపు కొబ్బరితోటలో పొద్దున్న మంచు, చెట్ల మధ్య నుంచి దిగుతున్న వెలుగు. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. ఇది 2018 వేసవిలో తీసింది. అదే ఏడాది అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చింది. లక్షల కొబ్బరిచెట్లు, జీడితోటలు పడిపోయాయి. తర్వాత వెళ్ళి అదే చోట నిలబడితే అక్కణ్ణించి ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు. ఆ తోట రైతుకి ఫోటో ప్రింటు తీసి ఇచ్చాను. ఆయన చాలాసేపు చూసి, వేలితో ఒక్కొక్క చెట్టునీ ముట్టుకుంటూ ఏది వాళ్ళ నాన్న నాటిందో, ఏది తను నాటిందో చెప్పాడు. నాకు అందులో వెలుగు కనిపించింది, ఆయనకి రెండు తరాల కష్టం కనిపించింది. అప్పటినుంచి నా ఫోటోల్లో నేను చూడనిది ఇంకా ఏముందా అని వెతుక్కుంటున్నాను.

అందుకే మీకో చిన్న పని. మీ ఊళ్ళో గుడి గానీ, పాత చెరువు గానీ, కోటదిబ్బ గానీ ఉంటే ఫోన్ కెమెరా చాలు, ముందు దూరం నుంచి ఒక ఫోటో తీయండి. తేదీ, టైము, ఏ దిక్కుకి తిరిగి తీశారో రాసుకోండి. ఫ్రేములో పడిన కొండకి, గెడ్డకి, తోపుకి మీ ఊరి పెద్దవాళ్ళు ఏ పేరు పెట్టి పిలుస్తారో అడిగి ఆ పేరు కూడా రాయండి. మ్యాపుల్లో ఆ పేర్లు దొరకవు. వచ్చే ఏడాది అదే రోజు, అదే చోట నిలబడి ఇంకోటి తీయండి. పదేళ్ళకి పది ఫోటోలు. వాటిల్లో కొన్నే అందంగా వస్తాయి, పర్లేదు. మన ప్రాంతం పేరెత్తితే బయటివాళ్ళకి గుర్తొచ్చేవి తుపాను, వలస. ఆ పది ఫోటోలు ఉంటే మన పిల్లలకి చూపించడానికి ఇంకో మాట ఉంటుంది.

మీరు తీసిన ఫోటోల గురించి, ఆ చోట్ల పాత పేర్ల గురించి తప్పకుండా రాయండి. మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం.