ఫ్రెడ్ ఆర్చర్: బరువు మింగిన జాకీ

దక్షిణ భారతంలో తొలి రైలు 1856 జులై 1న మద్రాసు నుంచి తిరువళ్లూరు మీదుగా వాలాజా రోడ్డుకు నడిచింది. ఆరు నెలలు దాటిన కొద్ది రోజులకే, 1857 జనవరి 11న, ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో ఫ్రెడ్ ఆర్చర్ పుట్టాడు. రైలుకూ జాకీల బతుకుకూ చుట్టరికం ఉంది. రైలు రాకముందు పందెపు గుర్రాన్ని ఊరి నుంచి ఊరికి రోజుల తరబడి నడిపించుకు పోవాల్సిందే. రైలొచ్చాక గుర్రమూ జాకీ కూడా ఒకే వారంలో వేర్వేరు ఊళ్ల పందేలకు దిగగలిగారు. దొరల గుర్రపుశాలలో నౌకరుగా ఉన్న జాకీ పేరు దేశమంతా తెలిసింది. ఆ ఎదుగుదలకు శిఖరం ఆర్చర్. దానికి కట్టిన మూల్యమూ అతని జీవితంలోనే కనిపిస్తుంది.

అప్పటికే పందేలు రెండు దారులయ్యాయి. ఒకటి చదును మైదానంలో పరుగు, ఫ్లాట్ రేసు. రెండోది కంచెలూ కాలువలూ దూకిస్తూ సాగే స్టీపుల్‌చేజ్, అంటే జంప్ రేసు. 1752లో ఐర్లండులో ఇద్దరు పెద్దమనుషులు ఒక ఊరి చర్చి నుంచి మరో ఊరి చర్చి దాకా, అడ్డొచ్చినవన్నీ దూకుతూ కాసుకున్న పందెంతో ఇది మొదలైందంటారు. దూకే గుర్రాలపై బరువు ఎక్కువే మోపుతారు కనుక అక్కడ ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషికీ చోటుంది. ఫ్లాట్ రేసుల్లో ప్రతి తులమూ లెక్కే.

ఆర్చర్ తండ్రి విలియం జంప్ రేసుల జాకీ. 1858లో లిటిల్ చార్లీ అనే గుర్రంపై గ్రాండ్ నేషనల్ అనే స్టీపుల్‌చేజ్ గెలిచాడు. కొడుకు తొలి గెలుపు కూడా స్టీపుల్‌చేజ్‌లోనే, 1869లో, పన్నెండేళ్ల వయసులో. మరుసటి ఏడాది ఫ్లాట్ రేసుల్లో ఖాతా తెరిచాడు. అప్పటికే న్యూమార్కెట్‌లో మాథ్యూ డాసన్ అనే శిక్షకుడి దగ్గర పని నేర్చుకుంటున్నాడు. 1874 నుంచి 1886 దాకా వరసగా పదమూడేళ్లు ఛాంపియన్ జాకీ అతనే. 8,084 సార్లు బరిలో దిగి 2,748 సార్లు గెలిచాడు. ఫ్లాట్ రేసుల్లో పేరున్న డెర్బీని అయిదుసార్లు గెలిచాడు. 1880 డెర్బీకి నెల ముందు ఒక గుర్రం అతని చేతిని కొరికి నలిపేసింది. ఆ చేతికి కట్టుతోనే బెండ్ ఆర్ అనే గుర్రమెక్కి చివరి అంగల్లో తలవాసిలో నెగ్గాడు. 1885లో ఒక్క ఏడాదిలో సాధించిన 246 గెలుపుల రికార్డు 1933 దాకా నిలిచింది.

ఇదంతా చేసినవాడి ఎత్తు అయిదడుగుల పది అంగుళాలు. ఆ పొడుగు మనిషికి జంప్ రేసులు సరిపోయేవి. డబ్బూ కీర్తీ ఫ్లాట్ రేసుల్లో ఉన్నాయి. శీతకాలంలో పందేలు లేనప్పుడు 70 కిలోలకు చేరే ఒంటిని వసంతానికల్లా పదిహేను కిలోలదాకా తగ్గించాలి. పొద్దున్నే ఆముదం, ఒక బిస్కట్టు, చిన్న గ్లాసు షాంపేన్. ఆపైన ఆవిరి స్నానాలు, ఘాటైన విరేచనపు మందు. 1886 అక్టోబరులో కేంబ్రిడ్జ్‌షైర్ పందెంలో సెయింట్ మిరిన్ అనే గుర్రం కోసం మరింత కడుపు మాడ్చుకున్నాడు. అయినా బరువు కాస్త మిగిలిపోయింది. ఆ పందెం తలవాసిలో పోయింది. ఆ వెంటనే టైఫాయిడ్ పట్టుకుంది. ప్రసవం తర్వాత భార్య చనిపోయి అప్పటికి రెండేళ్లు. నవంబరు 8న, ఇరవై తొమ్మిదేళ్లకు, తన ప్రాణం తానే తీసుకున్నాడు. అతని చావుకు దిగులొక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. బరువు తక్కువ ఉన్నవాడికే గుర్రాన్నిచ్చే పద్ధతికీ అందులో వాటా ఉంది.

మన వైపు మద్రాసులోని గిండీలో గుర్రప్పందాలు 1777 నాటికే ఉన్నాయి. ఆస్ట్రేలియా నుంచి వేలర్ గుర్రాలు ఓడల్లో మద్రాసుకు దిగేవి. సైన్యం కొన్నట్టే పందేలవాళ్లూ కొనేవారు. తొలి రోజుల్లో స్వారీ చేసినవాళ్లలో సైనికాధికారులు చాలామంది. కూలికి స్వారీ చేసే జాకీలు ఆ తర్వాత పెరిగారు. మద్రాస్ రేస్ క్లబ్ 1896లో ఏర్పడింది. పందేలను రద్దు చేస్తూ తమిళనాడు తెచ్చిన చట్టంపై ఆ క్లబ్ నడిపిన కేసులో సుప్రీం కోర్టు 1996లో తీర్పిచ్చింది: గుర్రప్పందెం జూదం కాదు, నైపుణ్యంతో కూడిన ఆట. గుర్రం శిక్షణతోపాటు జాకీ పనితనాన్నీ న్యాయస్థానం లెక్కలోకి తీసుకుంది. ఈ వృత్తికి ఇంతకంటే గట్టి గుర్తింపు మన దేశంలో వేరే లేదు. మాలేష్ నర్రెడు, సూరజ్ నర్రెడు లాంటి జాకీల పేర్లు పందేలు చూసే తెలుగువాళ్లకు తెలుసు.

2024 సెప్టెంబరులో అద్దె బకాయిల వివాదంలో తమిళనాడు ప్రభుత్వం గిండీలోని 160 ఎకరాలను స్వాధీనం చేసుకుంది. భూమి ఎవరిదో కోర్టులు తేలుస్తాయి. ఈలోగా ఆ మైదానం చరిత్ర రాసేవాళ్లకు ఒక విన్నపం. కప్పులూ, గుర్రాలూ, వాటి యజమానుల జాబితాలతో ఆగిపోకండి. ఆ గుర్రాల మీద కూర్చున్నవాళ్ల పేర్లూ, వాళ్లు మోసిన బరువులూ, తూకం కోసం వాళ్లు మానేసిన తిండీ రాయండి.