పిల్లల పుస్తకం: కలీలా దిమ్నా నుంచి దివిసీమ దాకా

పిల్లల కోసం పుస్తకం రాయడం చిన్న పని అని చాలామంది భావిస్తారు. పెద్దల గ్రంథాన్ని కుదించి, పెద్ద అక్షరాలతో అచ్చువేస్తే అదే బాలసాహిత్యమవుతుందనే అభిప్రాయం మనలో ఇంకా ఉంది. ముస్లిముల విద్యాచరిత్రను పరిశీలిస్తే మన పూర్వులు అలా భావించలేదని తెలుస్తుంది. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల ముస్లిం పిల్లలకు ఎలాంటి పుస్తకాలు కావాలో ఆలోచించేవారికి ఆ చరిత్ర ఎంతో ఉపకరిస్తుంది.

పసివాడూ, పిట్టా

ఈ చరిత్రకు మొదటి పాఠం హదీసులోనే ఉంది. హజ్రత్ అనస్ (రజి) గారి తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టను పెంచుకునేవాడు. ఆ పిట్ట చనిపోయి పిల్లవాడు దిగులుపడి ఉన్నప్పుడు దైవప్రవక్త (స) దాని సంగతి అడిగి అతణ్ణి పలకరించారు. ఆ పలకరింపులో పిల్లవాడి పేరు ‘ఉమైర్’కు పిట్ట పేరు ‘నుగైర్’ ప్రాసగా కలిసింది. హిజ్రీ 335లో మరణించిన ఇబ్నుల్ ఖాస్స్ అనే షాఫియీ పండితుడు ఈ ఒక్క హదీసు నుంచి అరవై దాకా ప్రయోజనాలను వెలికితీసి ప్రత్యేకంగా ఒక గ్రంథం రచించాడు.

బాలసాహిత్యం రాసేవారు ఇందులో గ్రహించవలసినవి మూడున్నాయి. మాట పిల్లవాడి సొంత విషయంతో మొదలయింది. అది చెవికి ఇంపుగా ఉంది. ఉపదేశం కంటే ముందు ఆప్యాయత వచ్చింది. దివ్యఖుర్‌ఆన్‌లో హజ్రత్ లుఖ్మాన్ తన కుమారుడికి చేసిన హితబోధ కూడా ముద్దుగా పిలిచే పిలుపుతోనే ప్రారంభమవుతుంది.

కలీలా దిమ్నా చేసిన ప్రయాణం

మన పంచతంత్ర కథలు 6వ శతాబ్దిలో నౌషీర్వాన్ కాలంలో బర్జూయా అనే వైద్యుని ద్వారా ఇరాన్ చేరి పహ్లవీ భాషలోకి మారాయి. 8వ శతాబ్దిలో ఇబ్నుల్ ముఖఫ్ఫా వాటిని ‘కలీలా వ దిమ్నా’ అనే పేరుతో అరబీలో రచించాడు. ఆయన పీఠికలో గ్రంథ ప్రయోజనాలను విడివిడిగా చెప్పాడు. కథలు జంతువుల నోట చెప్పించింది యువకులను చదువుకు ఆకర్షించడానికట. రంగుల బొమ్మలు చూసేవారి మనసుకు ఆహ్లాదం కలిగించడానికట. వినోదం కోసం బాల్యంలో కంఠస్థం చేసినవాడు, పెరిగి పెద్దయ్యాక, తల్లిదండ్రులు దాచిపెట్టిన నిధి దొరికినవాడిలా సంతోషిస్తాడని కూడా ఆయన వివరించాడు. బాలసాహిత్య లక్ష్యాన్ని ఇంతకంటే చక్కగా చెప్పినవారు అరుదు. పిల్లవాడికి వినోదం ఈనాడే అందాలి. వివేకం తర్వాత అందినా నష్టం లేదు.

ఈ గ్రంథం తర్వాత పారసీకంలోకి వచ్చింది. 15వ శతాబ్ది చివర హిరాత్‌లో హుసేన్ వాయిజ్ కాషిఫీ దానిని ‘అన్వారె సుహైలీ’గా రచించాడు. కాని ఆయన శైలి అలంకారాలతో బరువెక్కింది. అందువల్ల అక్బరు పాదుషా సులభమైన భాషలో తిరిగి రాయమని అబుల్ ఫజ్ల్‌ను ఆదేశించగా 1588లో ‘ఇయారె దానిష్’ వెలువడింది. పాండిత్యం ఎక్కువైతే కథ పాఠకునికి దూరమవుతుందని చక్రవర్తి సైతం గుర్తించాడు.

తెలుగులోనూ ఇదే సమస్య కనిపిస్తుంది. 1853లో పరవస్తు చిన్నయసూరి పంచతంత్రం ఆధారంగా ‘నీతిచంద్రిక’ రచించారు. తెలుగు వచనానికి అది మేలిబంతి. కాని బడిపిల్లవాడికి ఆ గ్రాంథిక వాక్యాలను ఉపాధ్యాయుడు విప్పి చెప్పవలసి వచ్చేది. బడిలో నీతిచంద్రిక చదివిన ముస్లిం బాలుడు, మక్తబ్‌లో తన తాత విన్న కలీలా దిమ్నా కథలే అవని తెలియకుండానే చదివి ఉంటాడు!

ఇంటిలో పుట్టిన పుస్తకాలు

ఉర్దూ బాలసాహిత్యంలో కలకాలం నిలిచినవి ఇళ్ళలో, పిల్లల ముందు పుట్టాయి. ఫారసీ, అరబీ మాటలకు హిందవీ అర్థాలు పద్యాల్లో చెప్పే ‘ఖాలిఖ్ బారీ’ని తరతరాలుగా పిల్లలు వల్లించారు. అది అమీర్ ఖుస్రూ రచన అని ప్రసిద్ధి. తర్వాతి కవిదని హాఫిజ్ మహ్మూద్ షీరానీ వంటి పరిశోధకులు వాదించారు. మీర్జా గాలిబ్ అంతటి కవి కూడా, తాను పెంచుకున్న ఆరిఫ్ పిల్లల కోసం అదే పద్ధతిలో ‘ఖాదిర్‌నామా’ రాశాడు.

డిప్టీ నజీర్ అహ్మద్ తన కుమార్తెలకు తగిన పుస్తకాలు దొరకక తానే రాయడం మొదలుపెట్టాడు. కొన్ని పుటలు రాసి ఇస్తే పిల్లలు వెంటనే పూర్తిచేసి ఇంకా కావాలని అడిగేవారు. అలా తయారైన ‘మిరాతుల్ ఉరూస్’ 1869లో అచ్చయింది. ప్రభుత్వం వెయ్యి రూపాయల బహుమతి ఇచ్చింది. అందులోని ఇల్లు ఢిల్లీ ఇల్లు. మాట ఢిల్లీ స్త్రీలు మాట్లాడుకునే మాట. పిల్లలు ఇంకా కావాలని అడగడానికి కారణం అదే.

మన డెల్టాలో

ఇక మన ప్రాంతానికి వద్దాం. గోల్కొండ సుల్తానుల ప్రధాన రేవైన మచిలీపట్నంలో ఇరానీ వర్తకులు దిగేవారు. వారి అభిరుచికి తగిన తీగలూ పూలూ తెలుగు పనివారి చేతుల్లో, చిరివేరు ఎరుపుతో, కరక్కాయ కషాయంతో కలంకారీ వస్త్రాలయ్యాయి. నమూనా ఇరాన్‌ది, రంగు మన నేలది. దివిసీమలోని పెదకళ్ళేపల్లిలో జన్మించిన వేటూరి ప్రభాకరశాస్త్రి (1888–1950) తాళపత్రాలు శోధించిన మహాపండితులై ఉండి కూడా, తెలుగు పిల్లల పాటలను ‘బాలభాష’గా సేకరించారు. పిల్లల నోట ఆడే మాటకు విలువ ఉందని ఆయన గుర్తించారు.

ఈ రెండు ఉదాహరణలూ మన రచయితలకు మార్గం చూపుతున్నాయి. ఇక్కడి ముస్లిం పిల్లల్లో కొందరి ఇంట ఉర్దూ ఉంది. దూదేకుల కుటుంబాల్లో ఎక్కువగా తెలుగే. మక్తబ్‌లో అరబీ అక్షరాలు, బడిలో తెలుగో ఇంగ్లీషో నేర్చుకుంటారు. వీరికి మనం అందించే ఇస్లామీయ పుస్తకాల్లో చాలా భాగం ఉర్దూ నుంచి అనువదించినవే. వాటి విషయం ఉత్తమమైనదే. కాని వాక్యం ఉర్దూది, పదం సంస్కృతానిది. పిల్లవాడు నవ్వే భాష, ఏడ్చే భాష వాటిలో ఉండదు. ధర్మం పరీక్ష కోసం చదివే భాషలోనే వినిపిస్తే, అది పరీక్షతోపాటే ముగిసిపోయే ప్రమాదం ఉంది.

హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం) గారి గాథనే తీసుకోండి. మన అనువాదాల్లో ‘జలప్రళయం’ అని ఉంటుంది. 1864 నవంబరు 1న మచిలీపట్నంలో సుమారు 30 వేల మందిని, 1977 నవంబరు 19న దివిసీమలోనూ తీరమంతటా సుమారు 10 వేల మందిని బలిగొన్నదాన్ని ఇక్కడివారు ‘ఉప్పెన’ అన్నారు. నానీ నోట ఆ మాట విన్న పిల్లవాడికి అర్థం చెప్పనక్కరలేదు. అయితే ఆ మాటతో భయపెట్టి ఊరుకోరాదు. నీళ్ళు తీసిన నేల మీద మళ్ళీ అడుగుపెట్టిన వారి కృతజ్ఞత దాకా కథను నడపాలి. పడవ కట్టడమంటే ఎంత శ్రమో గిలకలదిండి రేవు చూసిన పిల్లలకు తెలుసు. అమ్మీ, అబ్బా, నానీ అన్న పిలుపులను కూడా తెలుగు వాక్యంలో అలాగే ఉంచాలి.

బొమ్మల విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. హజ్రత్ ఆయిషా (రజి) గారి ఆటబొమ్మల్లో రెక్కల గుర్రాన్ని చూసి దైవప్రవక్త (స) నవ్విన హదీసును బట్టి పిల్లల విషయంలో సడలింపు ఉందని పలువురు పండితులు చెప్పారు. సంకోచించేవారికి సైతం తాటిచెట్టు, పడవ, మినారు, కలంకారీ తీగ ఉన్నాయి. బొమ్మలు లేని పుస్తకమే ధార్మికమైనదని భావించనవసరం లేదు.

ఉర్దూ తెలిసిన తాతలు, నానీలు చెప్పే గాథలను వారి మాటల్లోనే తెలుగులో రాసిపెట్టుకోవడం మన విద్యాసంస్థలు వెంటనే చేపట్టదగిన పని. రాసినదాన్ని అచ్చుకు ముందు మక్తబ్ పిల్లలకు చదివి వినిపించాలి. వారు ఇంకా కావాలని అడిగితేనే అచ్చువేయాలి. నజీర్ అహ్మద్ తన ఇంటిలో పెట్టిన పరీక్ష అదే. ఆ పరీక్షలో నెగ్గిన చిన్న పుస్తకం, ఇబ్నుల్ ముఖఫ్ఫా చెప్పిన నిధిలా, పిల్లవాడు పెద్దవాడైన తర్వాత కూడా అతని వెంట ఉంటుంది.