పేరు ఎవరిది? రుజువు ఎవరికి?

పహాడీ షరీఫ్‌కు ఆ పేరు ఏ గెజెట్టూ పెట్టలేదు. పహాడ్ అంటే కొండ. ఆ కొండమీద బాబా షర్ఫుద్దీన్ దర్గా వుంది. మొక్కులు చెల్లించడానికి వచ్చే జనం కొండకు గౌరవవాచకం తగిలించి పిలిచారు. అదే ఊరి పేరయింది, రికార్డుకూ ఎక్కింది. ఊరి విషయంలో జనం నోటిమాట చెల్లింది. అదే ఊళ్లో కాపురమున్న కూలిమనిషి తన పేరు తానే మార్చుకుంటానంటే మాత్రం చెల్లదు. స్టాంపు కాగితంమీద నోటరీ ముందు ప్రమాణం చెయ్యాలి, దినపత్రికల్లో ప్రకటన వేయించాలి, చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణశాఖకు దరఖాస్తు పెట్టుకుని గెజెట్టులో అచ్చు వేయించుకోవాలి.

నిజానికి ఇక్కడ చాలామంది కొత్త పేరు కోరడం లేదు. పాత పేరే దక్కించుకోవాలనుకుంటున్నారు. ఉర్దూలో ఒకే తీరున రాసే మహమ్మద్ అన్న మాట ఇంగ్లీషులోకి వచ్చేసరికి బడి రిజిస్టరులో ఒకలా, రేషను కార్డులో మరొకలా, ఆధార్‌లో మూడోలా పడుతుంది. ఒకచోట గుమాస్తా దాన్ని రెండక్షరాలకు కుదించి చుక్క పెడతాడు. గల్ఫుకు పోదలచిన కుర్రవాడు పాస్‌పోర్టుకు వెళ్లేనాటికి అతను ముగ్గురు మనుషులై కూర్చుంటాడు. తప్పు రాసింది గుమాస్తా; ప్రమాణం చెయ్యవలసింది, కూలి పోగొట్టుకోవలసింది కుర్రవాడు. ఆధార్‌లోనైతే పేరు సవరించుకునే అవకాశం జన్మకు రెండుసార్లే.

ఇది కేవలం ఆఫీసుల అలసత్వమనుకుంటే పొరపాటు. దీని వెనక చరిత్ర వుంది. మన పల్లెల్లో దళితుల పేర్లకు చివర “గాడు”, “గాయి” తగిలించి పిలిచినవాడు దొర. ఆ పిలుపునే లెక్కల్లో రాసుకున్నవాడు పట్వారీ. అలా రాయడానికి ఏ రుజువూ అడిగినవాడు లేడు. దానిమీద తిరగబడినవారిలో ముందువరుసలో వున్నవాడు హైదరాబాదులో 1888లో మాదరి భాగయ్యగా పుట్టి భాగ్యరెడ్డి వర్మ అయిన మనిషి. “రెడ్డి”, “వర్మ” అన్న పై కులాల గుర్తులు తగిలించుకోవడం విముక్తి మార్గమేనా అని అడగవచ్చు. ఆ సందేహం న్యాయమైనదే. కాని ఆయన తన ఒక్కడి పేరుతో ఆగలేదు. 1917లో బెజవాడలో పంచమ మహాసభ పేరిట జరిగిన సభకు అధ్యక్షుడై, పంచములనే పేరే మాకు అక్కర లేదన్నాడు. ఆ సభే ఆది ఆంధ్ర మహాసభ అయింది.

సభలో పేరు మారితే కచేరీలో మారదుగదా. మద్రాసు శాసనమండలిలో ఎం. సి. రాజా తీర్మానం పెట్టిన తరువాత, 1922 మార్చిలోగాని ప్రభుత్వం పంచమ, పరయ అన్న మాటలకు బదులు ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అని రాయమని ఉత్తర్వు చెయ్యలేదు. నిజాం రాజ్యంలో ఆది హిందువులన్న పేరు జనాభా లెక్కలకెక్కడానికి 1931 దాకా పట్టింది. బెజవాడ సభనుంచి లెక్కిస్తే పద్నాలుగేళ్లు! ఆ పద్నాలుగేళ్లూ సభలు, మహజర్లు, సంఘాలు. ఒక జాతి తనను తాను ఏమని పిలుచుకోవాలో చెప్పడానికి ఇంత పోరాటం!

ఇదే నిజాం ప్రభుత్వం ఇంకో సందర్భంలో పేర్లు రాసుకోవడానికి ఎంత ఉత్సాహపడిందో చూడండి. 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతాన, హిజ్రాలమీద చట్టం చేసి, నగరంలో వున్న వాళ్ల పేర్లూ చిరునామాలూ రిజిస్టరులో ఎక్కించమంది. ఆడబట్టలతో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చునంది. బ్రిటిషువాళ్లు 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టానికిది తమ్ముడు. నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది. చట్టం మాత్రం కొత్త రాష్ట్రాల పేర్లు తగిలించుకుంటూ బతికింది. (దానికి పేరు మార్చుకోవడంలో ఏ ఇబ్బందీ రాలేదు, అఫిడవిట్టూ అడగలేదు.) 2023 జూలైలోగాని తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివెయ్యలేదు.

అంటే ఏమిటి? అనుమానంతో పేరు రాసుకునేటప్పుడు ప్రభుత్వానికి మనిషి అంగీకారం అక్కర లేదు. ఆ మనిషే వచ్చి నా పేరు ఇది, రాయండి అన్నప్పుడు మాత్రం అనుమానం పుట్టుకొస్తుంది. లింగనిర్ధారణ ఎవరికి వారు చేసుకోవలసిందేనని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆరేళ్లు తిరక్కుండా 2019 చట్టం జిల్లా మేజిస్ట్రేటు సర్టిఫికెట్టు తెమ్మంది.

డబ్బున్నవాడికి ఇవన్నీ ఒక వకీలు ఫీజుతో తీరిపోతాయి. 2021 జూన్‌లో జిజ్ఞా యాదవ్ కేసులో సుప్రీంకోర్టు పేరు మనిషి వ్యక్తిత్వంలో భాగమనీ, దాన్ని చాటుకోవడం భావప్రకటన స్వేచ్ఛ కిందికి వస్తుందనీ తీర్పు చెప్పింది. మంచి మాటే. ఆ తీర్పులోనే, తన ఇష్టంకొద్దీ కొత్త పేరు పెట్టుకున్న విద్యార్థి దాన్ని సి.బి.ఎస్.ఇ. సర్టిఫికెట్టులో ఎక్కించుకోవాలంటే ముందు కోర్టు అనుమతి తేవాలనీ, గెజెట్టులో ప్రకటించాలనీ, పాత సర్టిఫికెట్టు అప్పగించాలనీ కూడా వుంది.