నాలుగు చేతక్‌ల కథ

2022 ఏప్రిల్ 2న హైదరాబాద్ శివార్లలోని హకీంపేట వైమానిక స్థావరంలో ఒక సభ జరిగింది. చేతక్ దేశసేవకు అరవై ఏళ్లు నిండిన సందర్భమది. రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ ముఖ్య అతిథి. ఆ వార్త చూసి ‘స్కూటర్‌కు వైమానిక దళం పండగ చేయడమేమిటి!’ అనుకున్నవాళ్లు మన ఇళ్లలో ఉండే ఉంటారు. వాళ్ల తప్పేం లేదు. ఆ తరానికి చేతక్ అంటే స్కూటరే. హకీంపేటలో శిక్షణ పొందే హెలికాప్టర్ పైలట్లకు మాత్రం చేతక్ అంటే గాల్లో తొలి పాఠాలు నేర్పే బండి.

ఆ స్కూటర్‌కూ, ఈ హెలికాప్టర్‌కూ పేరిచ్చింది ఒకే గుర్రం. 1576 జూన్‌లో హల్దీఘాటీ పోరులో తాను గాయపడి కూడా మేవాడ్ రాణా ప్రతాప్‌ను రణరంగం దాటించి ప్రాణం విడిచిందని చెప్పుకునే గుర్రం. ఆనాటి రాతల్లో ఆ గుర్రం పేరు కనబడదు. తర్వాతి కాలపు వీరగాథలే దానికి ఆ పేరు పెట్టాయి. 1829లో బ్రిటిష్ అధికారి జేమ్స్ టాడ్ రాజస్థాన్ చరిత్రను అచ్చువేశాక ఆ కథ మేవాడ్ పొలిమేర దాటింది.

గుర్రం తర్వాత ఆ పేరు పెట్టుకున్న యంత్రం పుట్టిల్లు ఫ్రాన్స్. సూద్ ఏవియేషన్ రూపొందించిన అలూయెట్-3 హెలికాప్టర్ 1959 ఫిబ్రవరిలో తొలిసారి ఎగిరింది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్ బలమూ తగ్గుతుంది. ఈ హెలికాప్టర్ గొప్పతనం సరిగ్గా అక్కడే బయటపడింది. 1960 జూన్‌లో ఏడుగురితో 4,810 మీటర్ల మాంట్ బ్లాంక్ మీద దిగి, మళ్లీ లేచింది. ఆ నవంబరులో హిమాలయాల్లో ఇద్దరు సిబ్బంది, 250 కిలోల బరువుతో 6,004 మీటర్ల ఎత్తున అదే పని చేసి చూపించింది. ఉత్తరాన మంచుకొండల సరిహద్దున్న దేశం దాన్ని వదులుకుంటుందా? 1962లో లైసెన్సు ఒప్పందం కుదిరింది. 1965లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ బెంగళూరులో తొలి హెలికాప్టర్‌ను సిద్ధం చేసింది. మన దగ్గర తయారైన అలూయెట్ చేతక్ అయింది. అక్కడి నుంచి 300కు పైగా వచ్చాయి. బంగ్లాదేశ్ విముక్తి యుద్ధంలో, 1971 డిసెంబరు 3 రాత్రి, నారాయణ్‌గంజ్ చమురు నిల్వల మీద ఆ దేశపు పైలట్లు దాడి చేసింది రాకెట్లు బిగించిన ఈ రకం హెలికాప్టర్‌తోనే. ప్రాణాలు కాపాడడానికి వెళ్లినవి ఇంకెన్నో.

రెండో యంత్రం ఇటలీది. 1948 నుంచి వెస్పా స్కూటర్లను దిగుమతి చేసి అమ్మిన బజాజ్ సంస్థ, 1960లో పియాజియో లైసెన్సుతో వాటిని ఇక్కడే తయారు చేయడం మొదలుపెట్టింది. 1971లో ఆ ఒప్పందం ముగిసింది. పొడిగించడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. యంత్రాలున్నాయి, పనివాళ్లున్నారు, పుణె దగ్గర ఆకుర్డిలో ఫ్యాక్టరీ ఉంది. లేనిదల్లా వెస్పా అన్న పేరు వాడుకునే హక్కే. అందుకే 1972లో, వెస్పా స్ప్రింట్ పోలికలతో వచ్చిన స్కూటర్ చేతక్ అనిపించుకుంది. రెండు స్ట్రోకుల ఇంజిన్, ఎడమ చేతి పిడి తిప్పితే మారే గేర్లు, పెట్రోల్లో కలిపే ఆయిల్, వెంట ఒక స్టెప్నీ. పొద్దున్నే బండిని పక్కకు వంచి, నిలబెట్టి, కిక్ కొట్టడం ప్రతి వీధిలో కనిపించే దృశ్యం. లైసెన్సుల రాజ్యంలో బుక్ చేసినవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. విదేశీ మారకద్రవ్యంలో కడితే మాత్రం త్వరగా చేతికొచ్చేది. పెళ్లి మాటల్లో స్కూటర్ లాంఛనమైంది. 1989లో ‘హమారా బజాజ్’ ప్రకటన వచ్చేనాటికి ఇంటిల్లిపాదీ ఎక్కే బండి అదే.

మూడోది పట్టాల మీద నడుస్తుంది. ఢిల్లీ నుంచి ప్రతాప్ సొంత గడ్డ ఉదయపూర్‌కు పోయే రైలు పేరు చేతక్ ఎక్స్‌ప్రెస్. గుర్రంతో నిజంగా చుట్టరికం ఉన్నది దీనికొక్కదానికే.

గేర్లు లేని స్కూటర్లు, పొదుపైన మోటార్ సైకిళ్లు, పొగ నిబంధనలు కలిసి స్కూటర్ చేతక్‌ను పక్కకు నెట్టాయి. 2000ల దశాబ్దంలోనే దాని తయారీ ఆగింది. 2009 చివర్లో సంస్థ సారథి రాజీవ్ బజాజ్ మొత్తం స్కూటర్ల వ్యాపారాన్నే మానేస్తున్నట్టు ప్రకటిస్తే, తండ్రి రాహుల్ బజాజ్ తనకు బాధ కలిగిందని బహిరంగంగానే అన్నారు.

పదేళ్లకు, 2019 అక్టోబరులో, ఆ సంస్థే మళ్లీ స్కూటర్ తెచ్చింది. ఈసారి కిక్ లేదు, గేర్లు లేవు, పెట్రోలు లేదు. బ్యాటరీ బండి. పాత చేతక్‌లోని ఒక్క భాగమూ దీనికి పనికిరాదు. గుండ్రని ముందు దీపం, లోహపు ఒళ్లు మాత్రం పాత రోజులను తలపించేలా ఉంచారు. 2022లో ఆకుర్డిలోనే దీనికోసం ప్రత్యేకంగా ఫ్యాక్టరీ తెరిచారు.

అలూయెట్‌కూ వెస్పాకూ ముందు యంత్రం వచ్చింది, తర్వాత పేరు పెట్టారు. పరాయి నమూనాను మన చేతుల్లో తయారు చేస్తున్నామని చెప్పుకోవడానికి ఒక దేశీ గుర్రం కావలసి వచ్చింది. 2019 నాటికి ఆ అవసరం లేదు. కొత్త విద్యుత్ స్కూటర్‌ను నమ్మి కొనే జనమే కావాలి. ఆ నమ్మకం స్కూటర్ల వ్యాపారం మూసేసిన పదేళ్లలోనూ చేతక్ అన్న పేరుకు అంటిపెట్టుకునే ఉంది. అందుకే నాలుగో చేతక్ కథలో వరస తిరగబడింది. ముందు పేరుంది, ఆ పేరుకు తగినట్టు బండిని తయారు చేశారు.