రాయకుండా వదిలిన గడి

మా ఇబ్రహీంపట్నంలో ఇంటికొక కాగితాల సంచి ఉంటుంది. వీసా, అగ్రిమెంటు, పాస్‌పోర్టు జిరాక్సులు, అన్నీ గల్ఫ్‌వే. పట్టాళం కాగితాల సంచి మాత్రం మా వాడలో ఒక్క కాక దగ్గరే చూశాను. ఆర్టిలరీలో పనిచేసి హవల్దారుగా దిగిన మనిషి.

"నడుం నొప్పికి పింఛనీ అడిగిన. రాదన్నరు. అప్పీలు గూడ కొట్టేసిండ్రు. జర సూడు బిడ్డా" అని సంచి నా ముందు గుమ్మరించాడు.

ఆ "రాదు" వెనక చాలా చరిత్రే ఉంది. యుద్ధంలో దెబ్బతిన్న సిపాయికి ఇచ్చే పింఛను బ్రిటన్‌లో మొదట ప్రభుత్వం దయ. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, 1919లో గానీ అది చట్టప్రకారం హక్కు కాలేదు. అప్పుడు కూడా జబ్బు కొలువు వల్లే వచ్చిందని సిపాయే రుజువు చేసుకోవాలి. రెండో యుద్ధం నడుమ, 1943లో ఆ బరువు అతని నెత్తి మీంచి దించారు. మన దగ్గర 1961 నాటి సైనిక పింఛను నిబంధనల్లో 173వది ఈ సంగతే చెప్పేది: వైకల్యం కొలువు వల్ల వచ్చి ఉండాలి, లేదా కొలువులో ముదిరి ఉండాలి, 20 శాతానికి తగ్గకూడదు. 1982 నియమాలు ఇంకొంచెం ముందుకెళ్లాయి. వాటి ప్రకారం భర్తీ నాడు కాగితం మీద ఏ జబ్బూ రాయకపోతే మనిషి ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క కట్టేవారు. అనుమానం వస్తే లాభం సిపాయికే.

చదవడానికి చల్లగానే ఉంటుంది. బోర్డులు మాత్రం "పుట్టుకతో వచ్చిన లక్షణం, సర్వీసుకు సంబంధం లేదు" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టేవి. ధరమ్‌వీర్ సింగ్‌కు అదే జరిగింది. 1985లో సిగ్నల్స్‌లో చేరాడు. తొమ్మిదేళ్లకు ఫిట్స్ అని ఇంటికి పంపారు. వైకల్యం 20 శాతం, పింఛను సున్నా. హైకోర్టులో ఒక జడ్జి ముందు గెలిచాడు, ఇద్దరు జడ్జిల ముందు ఓడాడు. 2013 జులై 2న సుప్రీంకోర్టు బోర్డు కాగితం తిరగేసి, కారణం ఎక్కడ రాశారని అడిగింది. చేరేనాడు ఆ జబ్బు ఎందుకు కనబడలేదో బోర్డు చెప్పాలి, చెప్పలేదు. ధరమ్‌వీర్ గెలిచాడు. నన్నడిగితే ఆ తీర్పు ఫిట్స్ గురించి కాదు, ఖాళీగా వదిలిన గడి గురించి.

కాక కాగితాల్లో కూడా నేను అదే వెతికాను. దిగేనాడు పెట్టిన మెడికల్ బోర్డు రెండు బాధలు రాసుకుంది: నడుము, కుడి చెవి. నడుముకు శాతం వేసి సంబంధం లేదంది. చెవి దగ్గర వినికిడి తగ్గిందని రాసి ఊరుకుంది. శాతం లేదు, అవుననీ లేదు, కాదనీ లేదు. కాక అప్పీలులో నడుము గురించే రాశాడు. జవాబూ నడుము గురించే వచ్చింది. ఇన్నేళ్లు తోపుల పక్కన నిలబడ్డ మనిషి చెవిని ఎవరూ తూచనేలేదు, ఆయనతో సహా.

"చెవిదేముందిరా, మా బ్యాటరీల అందరికీ గంతే" అన్నాడు. అందరికీ అంతే అయితే అది కొలువు వల్ల వచ్చినట్టు కాదా కాకా అంటే కాసేపు మాట్లాడలేదు.

చాలా ఏండ్లైంది, ఇప్పుడడిగితే నవ్వుతారని ఆయన భయం. తర్సేమ్ సింగ్ 1983లో ఇంటికొచ్చి 16 ఏళ్ల తర్వాత కోర్టుకెక్కాడు. నెలనెలా ఆగే పింఛను నెలనెలా జరిగే అన్యాయమే, ఆలస్యమైందని తోసెయ్యకూడదని 2008లో సుప్రీంకోర్టు అంది. పాత బాకీ మాత్రం కేసు వేసిన నాటికి ముందు మూడేళ్లకే. పోయిన డబ్బు పోయినట్టే. ఇదొక్కటీ నాకు మింగుడుపడలేదు.

సైనిక ట్రిబ్యునల్ చట్టం 2007లో వచ్చింది, ట్రిబ్యునల్ 2009లో మొదలైంది. మనది చెన్నై బెంచి కిందికి వస్తుంది. అంతదూరం పోయే ముందు రెండో అప్పీలు ఉంది. ఈసారి మొదటి పేరాలో చెవి, రెండో పేరాలో నడుము రాశాం. చెవి మీద బోర్డు అభిప్రాయం, శాతం, కారణం మూడూ అడిగాం. మెట్‌పల్లిలో వినికిడి పరీక్ష చేయించి ఆ చీటీ జతచేశాం. మూడు జిరాక్సులు తీయించమంటే కాక అయిదు తీయించాడు.

రిజిస్టర్ పోస్టు రసీదు సంచిలో పెట్టుకుంటూ, "నడుం ఒట్టిగనే పాయెనా?" అన్నాడు. లేదు కాకా, అది కూడా రాశాం అని కొంచెం గట్టిగా చెప్పాను, ఎడమ చెవి వైపు జరిగి.