ఏప్రిల్ 14: చేరని ఖబర్

నేను నాలుగో జమాత్‌లో ఉండగా చిత్తూరులోని మా ఉర్దూ మీడియం స్కూలుకు ఒకరోజు ఎర్ర బండి వచ్చింది. ఖాకీ దుస్తుల్లో దిగిన ఫైర్‌మన్ మమ్మల్ని మైదానంలో నిలబెట్టి తెలుగులో గడగడా చెప్పుకుపోయాడు. మాలో సగం మందికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. గొట్టంలోంచి నీళ్లు ఎగజిమ్మినప్పుడు మాత్రం అందరం చప్పట్లు కొట్టాం. ఆయన బండెక్కబోతుంటే మా ఉస్తాద్ ఆపారు. "సాబ్, ఇంకొక్కసారి చెప్పండి. నేను పిల్లలకు ఉర్దూలో చెప్తా" అన్నారు. ఆ రోజు ఉస్తాద్ నోట విన్న మాట ఇప్పటికీ మర్చిపోలేదు: పొగ కమ్మితే నిలబడొద్దు, నేలకు ఆనుకుని పాకుతూ బయటికి రండి.

తర్వాత తెలుగులో డిగ్రీ చేసి పత్రికలో చేరాక, ఏటా ఆ ఎర్ర బండి వెనకాల తిరగడం నా డ్యూటీ అయింది. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు. తిరుపతి అయినా చిత్తూరు అయినా వరస ఒకటే. తొలిరోజు స్టేషన్‌లో అమరులకు నివాళి, రెండు నిమిషాల మౌనం. ఆ తర్వాత బస్టాండు, ఆస్పత్రి, బడి, పెట్రోల్ బంకు, అపార్ట్‌మెంట్లలో ప్రదర్శనలు, కరపత్రాలు. అదే రోజు అంబేడ్కర్ జయంతి కూడా కాబట్టి ఈ వార్తకు దక్కేది ఓ మూల సింగిల్ కాలమ్. నేనూ చాలా ఏళ్లు "ఘనంగా ప్రారంభం" అని రాసి చేతులు దులుపుకున్నా. ఆ అమరులెవరు, ఆ తారీఖే ఎందుకు అని అడిగిన పాపాన పోలేదు.

ఆ తారీఖ్ బొంబాయిది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1944. ఇంగ్లాండ్‌లోని బర్కెన్‌హెడ్ నుంచి బయల్దేరిన ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ, కరాచీ మీదుగా ఏప్రిల్ 12న బొంబాయి విక్టోరియా డాక్‌కు చేరింది. అందులో దాదాపు 1,400 టన్నుల పేలుడు సామగ్రి ఉంది. కరాచీలో దానికి వేల పత్తి బేళ్లు జతయ్యాయి. నూనె పీపాలు, బంగారు కడ్డీలు సరేసరి. పత్తి, బారూద్ ఒకే ఓడలో! మామూలు రోజుల్లో అయితే అలాంటి సరుకును ఊరికి దూరంగా దించేవారు. యుద్ధం తొందరలో ఆ జాగ్రత్త పక్కకు పోయింది.

14వ తేదీ మధ్యాహ్నం రెండు గంటల వేళ ఓడలో మంట కనిపించింది. 900 టన్నులకు పైగా నీళ్లు కొట్టినా లొంగలేదు. 3 గంటల 50 నిమిషాలకు ఓడ వదిలి పొమ్మని హుకుం వచ్చింది. పదహారు నిమిషాలకే, 4.06కు, ఓడ పేలింది. అరగంట తిరక్కుండానే మరో పేలుడు. పక్క ఓడల్లోని వాళ్లకూ, ఒడ్డున తమాషా చూస్తూ నిలబడ్డ జనానికీ ఓడ పొట్టలో ఏముందో తెలియదు. ఫైర్‌మెన్ మాత్రం గొట్టాలు వదల్లేదు. 66 మంది అక్కడే శహీద్ అయ్యారు. మొత్తం మరణాలు 800 నుంచి 1,300 దాకా ఉంటాయని అంచనాలు. మంటలు అదుపులోకి రావడానికి మూడు రోజులు పట్టింది.

ఒక సహాఫీగా నన్ను ఇంకా కుదిపేసింది ఆ తర్వాతి సంగతి. జపాన్ చేతిలో ఉన్న సైగాన్ రేడియో మర్నాడే ఈ ఖబర్ వివరంగా చెప్పింది. మన దేశంలోని విలేకరులకు మాత్రం బ్రిటిష్ సెన్సార్ మే రెండో వారం దాకా ఇజాజత్ ఇవ్వలేదు. బొంబాయిలో ఇల్లు కూలినవాడికి తప్ప మిగతా హిందుస్తాన్‌కు తెలియనే లేదు. పేలకముందు ఓడలో ఏముందో జనానికి తెలియదు, పేలాక ఏం జరిగిందో తెలియనివ్వలేదు.

ఇప్పుడు సెన్సార్ లేదు. అయినా ఖబర్ చేరుతోందా?

2022 ఏప్రిల్‌లో మన ఉమ్మడి జిల్లా వేరై తిరుపతి జిల్లా ఏర్పడింది. ఆ సెప్టెంబర్‌లోనే, ఒక్క వారంలోపు, రెండు జిల్లాల్లోనూ నిద్రపోతున్న ఇళ్లను మంట పట్టుకుంది. చిత్తూరులో కాగితపు ప్లేట్లు తయారు చేసేచోట ముగ్గురు పోయారు. రేణిగుంటలో ఒక డాక్టరు, ఆయన ఇద్దరు పిల్లలు పోయారు. అక్కడ ఇద్దరు ఆడవాళ్లను ఫైర్ సిబ్బంది బతికించగలిగారు. ఆ పిల్లలను తీసుకుపోయింది పొగ. మా ఉస్తాద్ మాట ఆ రోజు మళ్లీ చెవిలో మోగింది.

ఆ వారమే మా ఇంట్లో బియ్యం డబ్బా కింద పరిచిన కాగితం లాగి చూస్తే, అది వారోత్సవాల కరపత్రం! "ఇస్మే క్యా లిఖా హై బేటా?" అని అడిగింది అమ్మీ. ఆమెకు తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. పక్కన కూర్చుని చెప్పాను. గ్యాస్ గాలి కంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది. వాసనొస్తే స్విచ్చు వేయకు, ఆర్పకు. రెగ్యులేటర్ కట్టేసి తలుపులు తెరువు. నూనె అంటుకుంటే నీళ్లు పోయకు, మంట కట్టేసి మూత పెట్టు. ఒంటి మీద బట్టలు అంటుకుంటే పరుగెత్తకు, నేల మీద దొర్లు. 101కు ఫోన్ చేసినప్పుడు లోపల సిలిండర్లు ఉన్నాయా, మనుషులు ఉన్నారా ముందే చెప్పు.

అమ్మీ అంతా విని, "మరి మన షాదీల్లో షామియానా గుడ్డ పక్కనే దేగ్ కింద కట్టెలు పెడతారే?" అంది. నా దగ్గర జవాబు లేదు.

వచ్చే ఏప్రిల్‌లో మీ మొహల్లాకు ఎర్ర బండి రమ్మని స్టేషన్‌కు వెళ్లి అడగండి. ముందురోజు మస్జిద్‌లో ఐలాన్ చేయించండి. వంట చేసేది ఎవరో మనకు తెలుసు కాబట్టి ఆడవాళ్లకు ముందు వరసలో కుర్చీలు వేయండి. ఉర్దూలో చెప్పేవాళ్లు దొరక్కపోతే నన్ను పిలవండి, వస్తాను.