పీసీఓఎస్: పెళ్లైతే సర్దుకుంటుందిలే అంటున్నారా? పీరియడ్స్ లేటవుతున్న అమ్మాయిలు తెలుసుకోవాల్సినవి ఇవే!

రెండు నెలలైనా పీరియడ్స్ రావు. వస్తే పది రోజులైనా ఆగవు. గడ్డం కింద వెంట్రుకలు, మొహం నిండా మొటిమలు, మెడ చుట్టూ నల్లటి మరక. అమ్మకు చెబితే 'పెళ్లైతే అన్నీ సర్దుకుంటాయిలే' అనే మాట. ముగ్గురాయి గనుల ఊరు మంగంపేటలోనైనా, పక్కనున్న రైల్వేకోడూరులోనైనా, కడప, కర్నూలులోనైనా చాలా ఇళ్లలో జరిగేది ఇదే. కానీ ఇది పెళ్లితో తగ్గే సమస్య కాదు. దీని పేరు పీసీఓఎస్.

అసలు ఏం జరుగుతుంది?

మనం తిన్నది శక్తిగా మారాలంటే ఇన్సులిన్ కావాలి. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో శరీరం ఇన్సులిన్ మాట సరిగా వినదు. దాంతో ఒంట్లో ఇన్సులిన్ పెరుగుతుంది. అది అండాశయాలను ప్రేరేపించి పురుష హార్మోన్లను ఎక్కువ చేస్తుంది. ఫలితంగా అండం సమయానికి విడుదల కాదు, నెలసరి తప్పుతుంది. లావుగా ఉన్నవారికే వస్తుందనుకోవడం పొరపాటు. సన్నగా ఉన్నవారికీ వస్తుంది.

అనంతపురం అమ్మాయిలు చెప్పిన పాఠం

ఇది సిటీ అమ్మాయిల జబ్బు అనుకునేవాళ్లకు సమాధానం మన రాయలసీమలోనే ఉంది. అనంతపురంలోని ఓ రెసిడెన్షియల్ కాలేజీలో 15 నుంచి 18 ఏళ్ల వయసున్న 460 మంది అమ్మాయిలను పరిశోధకులు పరీక్షించారు. వారిలో 42 మందికి, అంటే 9.13 శాతం మందికి పీసీఓఎస్ లక్షణాలు కనిపించాయి. ఈ వివరాలు 2011లో ప్రచురితమయ్యాయి.

ఆ తర్వాత పీసీఓఎస్ ఉన్న 90 మంది అమ్మాయిలను రెండు గ్రూపులు చేశారు. ఒక గ్రూపు రోజుకు గంట చొప్పున 12 వారాలు సూర్యనమస్కారాలు, ఆసనాలు, ప్రాణాయామం, ధ్యానం చేసింది. రెండో గ్రూపు అంతే సమయం మామూలు వ్యాయామాలు చేసింది. యోగా గ్రూపులో ఇన్సులిన్, కొలెస్ట్రాల్, పురుష హార్మోన్ స్థాయిల్లో మెరుగుదల ఎక్కువగా కనిపించింది. ఆందోళన కూడా తగ్గింది. బరువులో మాత్రం రెండు గ్రూపుల మధ్య పెద్ద తేడా లేదు. అంటే కాటా మీద ముల్లు కదలకపోయినా లోపల మార్పు మొదలవుతుందన్నమాట. బరువు తగ్గలేదని మధ్యలో మానేయొద్దు.

ప్లేట్‌లో ఏముండాలి?

పీసీఓఎస్‌కు ఫలానా డైట్ ఒక్కటే మందు అని ఎక్కడా తేలలేదు. 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే. రోజూ కొనసాగించగలిగే సమతుల ఆహారమే మంచిది. ఖరీదైన ఓట్స్, పౌడర్లు కొనక్కర్లేదు.

* సంగటి మంచిదే. కానీ రాగి కదా అని రెండు మూడు ముద్దలు తింటే లెక్క తప్పుతుంది. చిన్న ముద్ద పెట్టుకుని పప్పు, ఆకుకూర ఎక్కువ వేసుకోండి.
* ఉగ్గాని, బజ్జీ రోజూ వద్దు. తినేరోజు బజ్జీ బదులు ఉడికించిన గుడ్డో, మొలకెత్తిన పెసలో జత చేయండి.
* ఉలవలు, అలసందలు, కందిపప్పు, గుడ్లు, చేపలు.. పూటకొకటి ఉండేలా చూసుకోండి.
* కూల్‌డ్రింకులు, బేకరీ ఐటమ్స్, చక్కెర ఎక్కువున్న టీలు తగ్గించండి. ఎండకు మజ్జిగే బెస్ట్.
* పస్తులుండి బరువు తగ్గాలని చూడొద్దు. అధిక బరువు ఉంటే 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి నెలసరి గాడిలో పడుతుంది.

ఎంత నడవాలి?

వారానికి కనీసం 150 నిమిషాలు, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు చురుగ్గా నడవాలి. వారంలో రెండు రోజులు కండరాలకు పని చెప్పాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడను తోస్తూ చేసే పుషప్స్ చాలు. జిమ్ అవసరం లేదు. మన దగ్గర ఎండ సంగతి తెలిసిందే కాబట్టి పొద్దు పొడవకముందో, పొద్దుగూకాకో నడవండి. టిప్పర్లు తిరిగే దుమ్ము రోడ్డు వదిలి స్కూల్ గ్రౌండో, ఇంటి మేడో చూసుకోండి. పొలం పనికి వెళ్లేవారికి అదీ వ్యాయామమే. రోజంతా కుట్టుమిషన్ దగ్గరో, షాపులోనో కూర్చునేవారు మాత్రం మధ్యమధ్యలో లేచి తిరగాలి.

ఎప్పుడు డాక్టర్ దగ్గరకు వెళ్లాలి?

* 90 రోజులు దాటినా పీరియడ్స్ రాకపోతే. పెళ్లైనవారు ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోవాలి.
* ఏడాదికి ఎనిమిది సార్లకంటే తక్కువ వస్తుంటే.
* బ్లీడింగ్ ఎక్కువై నీరసం, ఆయాసం వస్తుంటే రక్తహీనత పరీక్ష తప్పనిసరి.

నెలసరి ఏళ్ల తరబడి రాకుండా వదిలేస్తే గర్భాశయ లోపలి పొర మందమై, క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. షుగర్ వచ్చే అవకాశమూ ఎక్కువే. అందుకే ఒకటి నుంచి మూడేళ్లకోసారి షుగర్ టెస్ట్ చేయించుకోవాలి. అయితే టీనేజ్‌లో స్కానింగ్‌లో 'నీటిబుడగలు' అన్నారని కంగారు పడొద్దు. రజస్వల అయిన తొలి ఎనిమిదేళ్లలో స్కానింగ్ ఆధారంగా పీసీఓఎస్ అని తేల్చకూడదని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ముందు దగ్గర్లోని పీహెచ్‌సీలో చూపించుకుంటే, అవసరాన్ని బట్టి కడప రిమ్స్‌కో, తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికో పంపుతారు.

మనసునూ పట్టించుకోండి

మొటిమలు, వెంట్రుకల గురించి చుట్టాల కామెంట్లు, 'ఇంకా పిల్లల్లేరా' అనే ప్రశ్నలు మనసును కుంగదీస్తాయి. పీసీఓఎస్ ఉన్నవారిలో డిప్రెషన్, ఆందోళన ఎక్కువ. బాధను లోపలే దాచుకోకుండా టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంకో మాట.. పీసీఓఎస్ ఉంటే పిల్లలు పుట్టరన్నది అపోహ. సరైన చికిత్సతో చాలామంది తల్లులవుతున్నారు.

అమ్మలకు ఒక్క మాట. కూతురు నెలసరి తప్పిందని చెబితే సంబంధాలు చూడటం కాదు, ముందు తేదీలు క్యాలెండర్‌లో రాయించండి. డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే.

(గమనిక: ఈ సమాచారం అవగాహన కోసం మాత్రమే. మందులు మొదలుపెట్టాలన్నా, మానాలన్నా డాక్టర్‌ను సంప్రదించండి.)